చెరువు పూడిక: గట్టు మీది అడవి

బోధను, నిజామాబాదు ప్రాంతపు రైతులకు నిజాంసాగరును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన ఈ జలాశయమున మొదట 29.7 టి.యం.సి.ల నీరు నిలిచెడిది. 1970 దశకము నాటికి సుమారు 12 మాత్రమే మిగిలినది. తక్కినదంతయు పూడిక! పిదప నీటిమట్టమును పెంచి 17.8కి తెచ్చిరి.

ఈ మన్ను ఎచటిది? చెట్టులేని గట్టుపై పడిన వాన ఇంకదు. అది నేలను కోసికొని వాగున పడును. వాగు దానిని చెరువున దించును. ఆకులు పరచుకొన్న అడవినేలయందు వాననీరు మెల్లగా ఇంకును, మన్ను కదలదు.

1992 ఉత్తరువు ననుసరించి ఏర్పడిన వన సంరక్షణ సమితులలో గ్రామస్థులే అటవీశాఖకు భాగస్వాములైరి. నరికిన టేకు మోడు మరల చిగుర్చును. గొడ్డలి, మేక, నిప్పు దరిచేరకున్న చాలును.

2015 మార్చి 12న, నాటి నిజామాబాదు జిల్లాలోని సదాశివనగరు చెరువువద్ద మిషన్ కాకతీయ ఆరంభమైనది. త్రవ్వకపు వ్యయము ప్రభుత్వముది. ఒండ్రును ట్రాక్టర్లపై చెలకలకు తరలించుట రైతులది. ఒండ్రు పడిన చెలక తేమను నిలుపుకొనును గనుక ఎల్లరును ఉత్సాహముతో వచ్చిరి. మత్తడివద్ద జాతరవలె జనము చేరుదురు గాని, గట్టుపై మొక్కకు కావలియుండువారు తక్కువ.

వాగు ఎండియుండగనే, తొలకరికి ముందు, పైపాయలనుండి క్రిందికి చిన్న రాతికట్టలు వేసికొనవలెను.