చేప మాంసమా, కాదా? మాల వేసుకున్న స్వామికీ, బిడ్డ కోసం అడిగిన తల్లికీ

కార్తీకమాసం నియమాల వీడియో పెట్టినప్పటి నుంచీ ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. "అక్కా, చేప మాంసం కిందకి వస్తుందా?" అడిగినవాళ్ళలో ఫిల్మ్‌నగర్‌లో పనిచేసే ఒక అసిస్టెంట్ డైరెక్టర్ కూడా ఉన్నాడు. మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నాడు. నైట్ షూటింగ్‌లో ప్రొడక్షన్ భోజనాల దగ్గర ఎవరో పెద్దాయన, "స్వామీ, చికెన్ మటన్ అయితే తప్పు గానీ చేప తింటే ఏం కాదు, బెంగాల్‌లో బ్రాహ్మలే తింటారు" అన్నారట. సరదాకే అని ఉంటారు. కానీ పిల్లాడికి అది మనసులో ఉండిపోయింది, ఎందుకంటే బెంగాల్ సంగతి నిజమే కదా!

ముందు మన మాటల్లోనే చూద్దాం. ఆదివారం పూట "మాంసం తెచ్చాను" అంటే మనింట్లో ఎవరూ చేపలు అనుకోరు. మేకో, గొర్రెపోతో అనే అనుకుంటారు. తెలంగాణలో చాలామందికి ఉత్త "కూర" అన్నా అదే అర్థం. అంటే వంటింటి తెలుగులో చేప వేరు, మాంసం వేరు. కానీ అదే ఇంట్లో "శనివారం నీసు ముట్టను" అన్నారనుకోండి, అప్పుడు చేప, కోడి, గుడ్డు అన్నీ అందులోకే వస్తాయి. నీసు వాసన అనగానే ముందు గుర్తొచ్చేది చేపే! కాబట్టి బజారు లెక్కలో చేప మాంసం కాదు, వ్రతం లెక్కలో మాత్రం అది నీసే. మన భాషకి ఈ తేడా ఎప్పుడో తెలుసు, గందరగోళం మనకే.

శాస్త్రాల్లోనూ ఇలాగే రెండు తీర్లు కనిపిస్తాయి. శాక్త తంత్రాల్లో చెప్పే పంచమకారాల్లో మాంసం ఒకటి, మత్స్యం ఇంకొకటి. విడివిడిగా లెక్కపెట్టారు. అదే చరక సంహితకి వస్తే, నీళ్ళలో తిరిగే ప్రాణుల్ని మాంసవర్గంలోనే చేర్చారు. మనుస్మృతి ఐదో అధ్యాయం ఇంకా కఠినం. చేప తినేవాడు అన్ని రకాల మాంసమూ తిన్నట్టే అంటుంది. ఆ వెంటనే, దేవతలకీ పితృదేవతలకీ నివేదించే సందర్భంలో కొన్ని రకాల చేపలకి మినహాయింపు ఇస్తుంది. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఒక శ్లోకంలో తలుపు వేసి, తర్వాతి శ్లోకంలో కిటికీ తెరిచారు. ఆ కాలంలోనే తినేవాళ్ళు గట్టిగా ఉండుంటారని నా ఊహ.

ఆ కిటికీ బెంగాల్లో చాలా పెద్దది. అక్కడ పెళ్ళి కానుకల్లో చేప వెళ్తుంది, దేవికి నైవేద్యంగానూ పెడతారు. కొంకణ తీరంలో సారస్వత బ్రాహ్మణుల్లో చాలామంది చేప తింటారు. పూరీ ఆలయ ప్రాంగణంలో జగన్నాథుడి ప్రసాదం పూర్తిగా శాకాహారం, అదే ప్రాంగణంలో ఉన్న విమలాదేవికి మాత్రం దుర్గాపూజ రోజుల్లో చేప నైవేద్యం ఉంటుంది. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో ఒడియా వాళ్ళు కట్టుకున్న జగన్నాథుడి గుడికి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. అక్కడ దణ్ణం పెట్టుకునేటప్పుడు పూరీలోని ఈ పద్ధతి కూడా గుర్తుంచుకోండి.

"మరి వాళ్ళు తప్పు చేస్తున్నట్టా?" కాదండీ. అది వాళ్ళ సంప్రదాయం. మన జాలరి, గంగపుత్రుల ఇళ్ళలో చేపే అన్నం, గంగమ్మే తల్లి. వేదాలు విభజించిన వ్యాసుడి తల్లి సత్యవతి పెరిగింది కూడా చేపలు పట్టేవాళ్ళ ఇంట్లోనే. చేప తినేవాళ్ళని తక్కువ చేసే మాట ఈ ఛానల్లో మీరు వినరు.

అయితే మాల వేసుకున్న అబ్బాయి అడిగింది ఇంకో ప్రశ్న. దానికి నాకు దొరికిన మంచి జవాబు పురాణాల్లోది కాదు, గాంధీగారి ఆత్మకథలోది. 1888లో లండన్ వెళ్ళేముందు మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చారాయన. అక్కడికి వెళ్ళాక చూస్తే మాంసం అంటే మూడు అర్థాలు చెప్పేవాళ్ళు ఉన్నారు. జంతువులు, పక్షుల మాంసమే మాంసం, చేపా గుడ్డూ తినొచ్చు అనేది మొదటిది. ప్రాణి ఏదైనా మాంసమే, గుడ్డు మాత్రం పర్లేదు అనేది రెండోది. గుడ్లు, పాలు కూడా వద్దనేది మూడోది. మొదటి అర్థం పట్టుకుంటే హాయిగా చేప తినొచ్చు. కానీ ఆయన తేల్చుకున్నది ఏమిటంటే, మాట తీసుకున్న అమ్మ మాంసం అంటే ఏమనుకుందో అదే తనకి అర్థం, ఇంగ్లండ్‌లో ఎవరు ఏం చెప్పినా సరే.

ఇదే దీక్షకి పెట్టి చూడండి. 41 రోజుల నియమం మనకి గురుస్వామి మాల వేస్తూ చెప్పింది. ఆయన నీసు వద్దు అన్నప్పుడు చేప అందులో ఉందనే అన్నారు, మనమూ అలాగే ఒప్పుకున్నాం. బెంగాలీ ఆయన ఆ మాట ఇవ్వలేదు, మనం ఇచ్చాం. కాబట్టి స్వామీ, పప్పుచారుతో కానిచ్చేయండి. పులస సీజన్ మళ్ళీ వస్తుంది, పుస్తెలు అమ్మే అవసరం లేకుండానే తిందురుగాని!

రెండో ప్రశ్న ఇంత తేలిక కాదు. జూబ్లీహిల్స్ నుంచి ఒకావిడ రాశారు. తరతరాలుగా శాకాహారులు. బాబుకి ఉబ్బసం. మృగశిర కార్తెకి చేప ప్రసాదం ఇప్పించమని దగ్గరివాళ్ళు పట్టుబడుతున్నారు. ఇప్పిస్తే ఆచారం పోతుందేమో, ఇప్పించకపోతే బిడ్డకి అన్యాయం చేసినట్టేమో అని ఆమె బాధ.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఏటా జూన్‌లో మృగశిర కార్తె వచ్చినప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని గౌడ్ కుటుంబంవాళ్ళు ఉచితంగా ఇస్తారు. బతికున్న చిన్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపు రంగు మందు ముద్ద పెట్టి, ఆ చేపని రోగి గొంతులోకి జారవిడుస్తారు. చేపపిల్లల్ని మత్స్యశాఖ వాళ్ళు అందిస్తారు. వేరే రాష్ట్రాల నుంచి కూడా జనం వచ్చి లైన్లో నిలబడతారు. అదే రోజుల్లో రాంనగర్ చేపల మార్కెట్‌లో అడుగుపెట్టే సందు ఉండదు. ఎండలు పోయి చినుకులు పడే వేళ ఒంట్లో వేడి కోసం చేప తినాలని మనవాళ్ళ నమ్మకం.

ఆవిడకి తెలియని సంగతి ఒకటుంది. శాకాహారులు వస్తే ఆ కుటుంబంవాళ్ళు మందుని చేపతో కాకుండా బెల్లంతో ఇస్తారు. చూశారా, చేప ప్రసాదం అని పేరున్న చోట కూడా చేపని శాకాహారం అని ఎవరూ సర్దిచెప్పడం లేదు! అడిగి మరీ బెల్లం చేతిలో పెడతారు. ఆచారం మాట ఇక్కడితో తీరిపోయింది.

ఆరోగ్యం మాట మాత్రం నేను దాచను. ఈ మందుతో ఉబ్బసం తగ్గుతుందని వైద్యశాస్త్రం ఒప్పుకోలేదు. జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఏళ్ళ తరబడి అభ్యంతరం చెబుతున్నారు. అమ్మా, మీరు బెల్లంతో ఇప్పించినా, అసలు ఇప్పించకపోయినా బాబు ఇన్‌హేలర్ మాత్రం డాక్టర్ చెప్పకుండా ఆపకండి. ఆ రోజు జనంలో, దుమ్ములో గంటలు నిలబెట్టడం కూడా వాడికి మంచిదేనా అని డాక్టర్‌నే అడగండి.

చివరగా జిమ్‌కి వెళ్ళే పిల్లలకి. ఒమేగా-3 మాత్రల్లో చాలావరకు చేప నూనే. మన ఆహార చట్టం నీళ్ళలో బతికే ప్రాణులన్నిటినీ మాంసాహారం కిందే లెక్కేస్తుంది. ఇప్పటి నియమం ప్రకారం దాని గుర్తు గోధుమరంగు త్రికోణం, శాకాహారానిది ఆకుపచ్చ చుక్క. మాలలో ఉంటే డబ్బా తిప్పి ఆ గుర్తు చూసుకోండి. నాచు నుంచి తీసిన ఒమేగా-3 కూడా దొరుకుతోంది, అవిసె గింజలు అయితే మన కిరాణా కొట్లోనే ఉంటాయి.