నాదమును పాయలుగా విడదీయుట

దంచిన బియ్యమును చెఱిగి జల్లించునపుడు తవుడు, నూకలు, బియ్యము వేఱువేఱుగా వచ్చుట మీరు చూచియే యుందురు. తవుడు గొడ్లకును, నూకలు జావకును, బియ్యము అన్నమునకును ఉపయోగపడును. అట్లే శబ్దమునుగూడ పాయలుగా విడదీసి, ఒక్కొక్క పాయను తగినట్లు చక్కజేసి, మరల నొకటిగా కలుపు పద్ధతి ధ్వనిముద్రణశాలలలో వాడుకయందున్నది. దానినిగూర్చి కొంత తెలుపనెంచితిమి.

ధ్వని యనగా గాలియందలి కంపనము. సెకనుకు ఎన్ని కంపనములు కలుగునో ఆ సంఖ్యను హెర్ట్జులలో చెప్పుదురు. పడుచువారి చెవికి సుమారు 20 మొదలు 20,000 హెర్ట్జుల వఱకు వినబడును. ఈ సంఖ్య రెట్టింపైనచో స్వరము ఒక స్థాయి పైకి పోవును. డోలు యొక్క గంభీరనాదము అడుగుభాగమునను, కంఠస్వరము నడుమను, సకారము పలుకునప్పటి బుస 5,000 హెర్ట్జుల ప్రాంతమునను అంతకు పైనను ఉండును.

విడదీయవలసిన యవసరమేమని మీరడుగవచ్చును. మా యనుభవము నొకదానిని చెప్పెదము. ఒకపరి బాలికల బృందగానమును డోలుతోగూడ ముద్రించితిమి. అచ్చటచ్చట శబ్దము మితిమీరినందున కంప్రెసరుచే దానిని అణచితిమి. కంప్రెసరు నిర్ణయించిన హద్దును దాటిన శబ్దమును తగ్గించు సాధనము. అది విని యొక తల్లి, “మాష్టరుగారూ! డోలు మోగినప్పుడల్లా మా పిల్ల గొంతు మునిగిపోతోందేమండీ?” అని యడిగెను. ఆమె మాట నిజమే. హద్దు దాటినది డోలుదెబ్బ. శిక్ష పడినది అందఱికిని. ఒక్కని యల్లరికి తరగతినంతయు బల్లలపై నిలువబెట్టినట్లు చేసితిమి.

పిమ్మట ఆ పాటను 150 హెర్ట్జులయొద్దను, 5,000 హెర్ట్జులయొద్దను విడదీసి మూడు పాయలు చేసితిమి. అడుగుపాయను మాత్రము గట్టిగా అణచితిమి. పైపాయను సకారపు బుస హెచ్చినపుడు మాత్రమే కొంచెము తగ్గించితిమి. నడిమిపాయను ముట్టలేదు. మూడింటిని కలిపి వినిపింపగా ఆ తల్లి తన బిడ్డ కంఠమును గుర్తించి సంతసించెను.

ఇక విడదీయు విధము. క్రింది నాదమును పోనిచ్చి పైదానిని ఆపునది లో-పాస్ ఫిల్టరు. పైదానిని పోనిచ్చి క్రిందిదానిని ఆపునది హై-పాస్ ఫిల్టరు. రెండింటికిని నడుమనున్న సరిహద్దు క్రాసోవరు. ఫిల్టరు కత్తివలె తెగగోయదు, ఏటవాలుగా తగ్గించును. కావున సరిహద్దునొద్ద రెండు పాయలును కొంత కలిసియుండును. లౌడుస్పీకరులకై 1976లో సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ ప్రకటించిన పద్ధతి నేడు లింక్‌విట్జ్-రైలీ యని పేరొందినది. అందు సరిహద్దునొద్ద ఒక్కొక్క పాయ 6 డెసిబెళ్లు, అనగా కంపనవిస్తారమున సగమునకు, తగ్గియుండును. రెండును ఒకే తాళమున నడచుటచే సగమును సగమును కలిసి పూర్ణమగును. అచ్చట మిట్టగాని పల్లముగాని యేర్పడదు.

ఈ యుపాయము క్రొత్తది కాదు. రే డాల్బీ 1965లో లండను నగరమున స్థాపించిన సంస్థవారి మొదటి సాధనమగు డాల్బీ-ఏ, టేపు బుసను తగ్గించుటకై నాదమును నాలుగు పాయలు చేసెను. 80 హెర్ట్జులకు క్రిందిది, 80 మొదలు 3,000 వఱకు గలది, 3,000కు పైది, 9,000కు పైది యని అవి నాలుగు. మెల్లని ధ్వనులను టేపుపై ఎక్కించునపుడు హెచ్చించి, వినునపుడు అంతే తగ్గింపగా, వానితో టేపు బుసయు తగ్గెను. గంభీరనాదము బిగ్గఱగా నున్నను పైనున్న బుసను కప్పజాలదు. అందుచేతనే ఏ పాయకు ఆ పాయ కాపుదల కావలసివచ్చెను.

అయినను ఒక హెచ్చరిక. పాయలు పెరిగినకొలది మేలు కలుగునని తలంపరాదు. ఒక్కొక్క పాయ తనంతట తాను హెచ్చుచు తగ్గుచు నుండగా గానముయొక్క సహజమైన పొందిక చెడవచ్చును. ముందు పాటను మొత్తముగా వినుడు. దోషము ఏ పాయలో నున్నదో చెవితో నిర్ణయింపుడు. ఆ దోషము ఒక్కచోటనే యున్నపుడు మాత్రమే విడదీయుడు. సరిచేసినదానిని మొదటిదానితో సమానమైన బిగ్గఱతనమున పోల్చి చూడుడు. ఏలయన కొంచెము బిగ్గఱగా నున్నది మేలైనదిగా తోచుట చెవికి స్వభావము. మేలు కనబడనిచో మొదటిదానినే యుంచుకొనుట వివేకము.