నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోగలరా?

రొయ్యకు తెల్లమచ్చ వైరస్ సోకితే మందు లేదు. అల్లూరు నుంచి ముత్తుకూరు దాకా ఏ చెరువు గట్టు మీద ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. 1990ల మధ్యలో టైగర్ రొయ్య మీద ఆశతో చెరువులు తవ్వుకున్న నెల్లూరు తీరాన్ని ఆ వైరస్ ఎలా ఊడ్చేసిందో పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. తర్వాత వెనామీ రొయ్య వచ్చింది. మచ్చ మాత్రం పోలేదు. అయినా "తెల్లమచ్చకు శాశ్వత పరిష్కారం" అని డబ్బా మీద అచ్చేస్తే ఆ డబ్బా అమ్ముడవుతుంది. చెక్ ట్రే పైకి తీయగానే రొయ్య తలపెంకు మీద చుక్కలు కనిపించిన రైతు ఆ నిమిషంలో లెక్కలు వేయడు. ఎవరు ధైర్యం చెబితే వాళ్ల దగ్గరికి పరిగెత్తుతాడు.

ఆక్వా షాపో, హేచరీయో పెట్టబోతున్న కుర్రాళ్లారా, మీ వ్యక్తిత్వానికి పరీక్ష అక్కడే. గడగడా మాట్లాడి సరుకు అంటగట్టడం ఆరు నెలల్లో ఎవరికైనా వస్తుంది. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడం సాధన చేస్తేగానీ రాదు. రోజూ సాధన చేయండి. బోర్డు మీద, కరపత్రంలో, వాట్సాప్ స్టేటస్‌లో ఏం రాయబోతున్నా ముందు ఒకటే ప్రశ్న వేసుకోండి: దీనికి రుజువు కాగితం ఇప్పుడు నా దగ్గర ఉందా? "కంపెనీవాళ్లు చెప్పారు" అన్నది రుజువు కాదు.

చట్టం అడిగేదీ ఇదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అబద్ధం రాయడమే కాదు, ముఖ్యమైన సంగతి కావాలని దాచినా అది తప్పుదోవ పట్టించే ప్రకటనే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా, మళ్లీ మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. తయారీదారుకే కాదు, ప్రకటనలో కనిపించి మెచ్చుకున్నవారికీ ఈ జరిమానా వర్తిస్తుంది. ప్రకటన ఆపమని వ్యాపారినీ ఆదేశించగలదు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల్లో నాకు బాగా నచ్చిన నిబంధన ఒకటుంది. గొప్ప ఏ భాషలో చెప్పుకున్నారో షరతు కూడా ఆ భాషలోనే, ఆ అక్షరాల్లోనే ఉండాలి. తెలుగులో "నూటికి నూరు శాతం గ్యారంటీ" అని అరచేతంత అక్షరాలు వేసి, కింద ఇంగ్లీషులో చీమ తలకాయంత షరతు పెట్టి తప్పించుకోవడం ఇక కుదరదు.

మరి గిరాకీ వచ్చి అడిగితే ఏం చెప్పాలి?

"తమ్ముడా, ఇది వేస్తే మచ్చ పోద్దా?"

"పోదన్నా. మచ్చకు మందు లేదు. ఇది నీళ్లలో బ్యాక్టీరియా తగ్గించడానికి వాడతారు. ముందు ఇది చెప్పు, సీడ్‌కి పీసీఆర్ టెస్ట్ చేయించావా?"

ఆ పూట డబ్బా కదలకపోవచ్చు. కానీ వచ్చే పంటకు సీడ్ తెచ్చుకునే ముందు ఆ రైతు ఫోన్ చేసేది మీకే.

ఒక మాటకు, దాని పక్క మాటకు ఎంత తేడా ఉంటుందో ఈ తీరమే దేశానికి చూపించింది. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య ఉచితంగా ఇచ్చిన కరోనా మందు కోసం వేలమంది ఎగబడ్డారు. పంపిణీ ఆగింది, పరిశీలన జరిగింది. నెలాఖరుకు కంటి చుక్కలు తప్ప మిగతా మందులకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. హాని లేదన్నారు గానీ, దానివల్ల కొవిడ్ తగ్గుతుందనే నిర్ధారణ లేదని కూడా చెప్పారు. జనం మొదటి ముక్క పట్టుకుని రెండోది వదిలేశారు. డబ్బు తీసుకుని సరుకు అమ్మేవాడికి ఆ వెసులుబాటు లేదు. "హాని చేయదు" అన్నది ఒక మాట, "నయం చేస్తుంది" అన్నది వేరే మాట. రెండో మాటకు వేరే రుజువు కావాలి.

"రైతు కోర్టుకెక్కుతాడా ఏంటి" అనుకోకండి. లోపమున్న విత్తనాల మీద మన ఆంధ్రప్రదేశ్ రైతులే నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌తో సుప్రీంకోర్టు దాకా పోరాడి 2012 జనవరిలో గెలిచారు. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని కోర్టు తేల్చింది. ఉన్న విత్తనమంతా చల్లేసే రైతు పరీక్ష కోసం కొంత దాచిపెట్టుకుంటాడని ఆశించకూడదనీ చెప్పింది. బతుకుతెరువు కోసం సొంతంగా చెరువు చేసుకునే మనిషికి ఇదే తర్కం ఎందుకు వర్తించదు?

పోటీ సంగతి క్లుప్తంగా చెబుతాను. పక్క షాపును తిట్టి ఎదగాలనుకోకండి. అలాగని అతనితో చేతులూ కలపకండి. "రేపటి నుంచి 100 కౌంట్ రొయ్యకి అందరం ఒకటే రేటు" అని రొయ్యలు కొనేవాళ్లు టీ తాగుతూ అనుకోవడం వాళ్లకు స్నేహంలా కనిపించవచ్చు. 2002 కాంపిటీషన్ చట్టానికి అది కుమ్మక్కులా కనిపిస్తుంది. అమ్మే ధరే కాదు, కొనే ధర కలిసి నిర్ణయించినా అంతే. అలాంటి మాట మొదలైతే "నా రేటు నేనే చూసుకుంటా" అని అందరి ముందూ చెప్పి లేచి రండి. మొహమాటపడి ఇప్పటికే ఇరుక్కుని ఉంటే లాయరును కలవడం ఆలస్యం చేయకండి. కుమ్మక్కు గురించి కాంపిటీషన్ కమిషన్‌కు మొట్టమొదట వెళ్లి పూర్తిగా చెప్పినవారికి జరిమానా మొత్తం మాఫీ అయ్యే అవకాశం ఉంది. రెండోవారికి సగం వరకే.