సంతకం విలువ

అనకాపల్లి పేరు వినగానే తెలుగువారికి బెల్లం గుర్తుకు వస్తుంది. అక్కడి మార్కెట్‌కు వచ్చిన వర్తకుడు బెల్లం దిమ్మ రంగు చూస్తాడు, గట్టిదనం చూస్తాడు, చిటికెడు నోట వేసుకొని రుచి చూస్తాడు. ఆ తరువాతనే ధర చెబుతాడు. చూపునకు ఒకేలా కనిపించే రెండు దిమ్మలకు రెండు ధరలు పలకడం అక్కడ వింత కాదు. ప్రముఖుల సంతకాల విషయంలోనూ ఇదే నీతి వర్తిస్తుంది.

ప్రముఖ వ్యక్తులు స్వయంగా చేసిన సంతకాలను, స్వదస్తూరితో రాసిన లేఖలను సేకరించడం కొందరికి అభిరుచి. లండన్, న్యూయార్క్ వంటి మహానగరాలలో అది వ్యాపారం కూడా. రాజకీయవేత్తగా, దౌత్యవేత్తగా పేరు పొందినవారి సంతకానికి విలువ ఎలా ఏర్పడుతుందో గ్రహించడానికి వరాహగిరి వెంకటగిరి జీవితం చక్కని ఉదాహరణ.

వి.వి.గిరి 1894లో బరంపురంలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. ఐర్లండ్‌లో న్యాయశాస్త్రం చదివి, స్వదేశానికి తిరిగివచ్చి, రైల్వే కార్మికుల నాయకులుగా ఎదిగారు. 1937లో మద్రాసు రాష్ట్రంలో ఏర్పడిన రాజాజీ మంత్రివర్గంలో కార్మికశాఖను నిర్వహించారు. 1947 నుంచి 1951 వరకు సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా పనిచేశారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తరువాత మూడు రాష్ట్రాలకు గవర్నరుగా, 1967లో ఉపరాష్ట్రపతిగా, 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా దేశానికి సేవలందించారు.

ఇంతటి సుదీర్ఘ ప్రజాజీవితం గడిపిన వ్యక్తి చేసిన సంతకాలు అసంఖ్యాకం. చేయి ఒకటే అయినా వాటి విలువ ఒకటి కాదు. సభకు వచ్చిన ఒక విద్యార్థి పుస్తకంలో పెట్టిన సంతకం తీపి జ్ఞాపకం మాత్రమే. 1948లో సిలోన్ చేసిన పౌరసత్వ చట్టం వల్ల అక్కడి తోటలలో పనిచేసే లక్షలాది భారత సంతతి కార్మికులు పౌరసత్వానికి దూరమయ్యారు. ఆ సమస్యను గురించి హైకమిషనర్ హోదాలో రాసిన లేఖ ఏదైనా ఉంటే, అది చరిత్రకు సాక్ష్యం. అందుచేత సంతకం కన్నా దానిపైన ఉన్న విషయానికే విలువ ఎక్కువ.

ఇక కొన్ని సంతకాలకు ధర కట్టడమే సాధ్యం కాదు. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించగా, గిరి తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతలు స్వీకరించారు. జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై సంతకం చేశారు. మరునాడే, రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేయడానికి పదవికి రాజీనామా చేశారు. దేశ ఆర్థిక గమనాన్ని మలుపు తిప్పిన ఆ సంతకం జాతి సొత్తు; వేలంపాటకు అందనిది.

విలువను నిర్ణయించే మరో అంశం అరుదుదనం. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవారిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ జగత్ప్రసిద్ధుడైన రాజనీతిజ్ఞుడు, దౌత్యవేత్త. అదే పత్రంపై సంతకం చేసిన బటన్ గ్విన్నెట్ పేరు ఎక్కువమంది ఎరుగరు. అయినా గ్విన్నెట్ సంతకానికే అధిక ధర పలుకుతుంది. ఆయన 1777లోనే ద్వంద్వయుద్ధంలో గాయపడి మరణించడం వల్ల ఆయన సంతకాలు సుమారు యాభై మాత్రమే మిగిలాయి. ఫ్రాంక్లిన్ దీర్ఘకాలం జీవించి, విస్తారంగా లేఖలు రాశారు. కీర్తి వేరు, అరుదుదనం వేరు అని దీనివల్ల తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రామాణికత. పదవిలో ఉన్నవారి పేరుతో వెలువడే కాగితాలలో కొన్నిటిపై రబ్బరు ముద్ర ఉంటుంది; కొన్నిటిపై కార్యదర్శి చేసిన సంతకం ఉంటుంది. సంతకాన్ని అనుకరించే యంత్రాలు కూడా వచ్చాయి. అందువల్ల నిపుణులు కాగితం వయస్సును, సిరాను, కలం ఒత్తిడిని పరీక్షిస్తారు. ఆ లేఖ ఎవరికి వచ్చింది, ఎవరి చేతులు మారింది అని విచారిస్తారు.

ఇటువంటి కాగితాలు రాజభవనాలలోనే ఉంటాయని భావించడం పొరపాటు. గాంధీజీ హరిజన నిధికి ఐదు రూపాయలు తీసుకొని సంతకం ఇచ్చేవారు. అలా సామాన్యుల ఇళ్లకు కూడా మహనీయుల సంతకాలు చేరాయి. అనకాపల్లి వంటి పట్టణాలలో స్వాతంత్ర్యోద్యమకాలం నాటి కుటుంబాల భోషాణాలలో ఏ నాయకుని లేఖ దాగి ఉందో చెప్పలేం. విలువ తెలియక కొందరు వాటిని పాత కాగితాలతోపాటు తూకానికి అమ్ముతారు. మరికొందరు సంతకం ఉన్న ముక్కను మాత్రమే కత్తిరించి దాచుకుంటారు. సంతకాన్ని కాపాడుతున్నామని భ్రమించి, దానికి విలువనిచ్చే లేఖను పోగొట్టుకుంటారు.

పాత లేఖకు జిగురుకాగితం అంటించరాదు, లామినేషన్ చేయించరాదు. తేమ, ఎండ, చెదలు సోకకుండా ఆమ్లరహిత కాగితపు కవరులో భద్రపరచాలి. అది ఇంటికి ఎలా వచ్చిందో పెద్దలను అడిగి వేరొక కాగితంపై రాసి ఉంచాలి. చారిత్రక విలువ కలిగి 75 సంవత్సరాలు నిండిన రాతప్రతులను 1972 నాటి చట్టం పురావస్తువులుగా పరిగణిస్తుంది. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం.

బెల్లం ధర ఆనాటి మార్కెట్‌తో ముగుస్తుంది. లేఖ విలువ తరతరాలకూ పెరుగుతుంది. ధర తెలిసినవాడు దానిని అమ్మగలడు. విలువ తెలిసినవాడే దానిని కాపాడగలడు.

ప్రశ్నలు
1. ఒకే వ్యక్తి చేసిన సంతకాల విలువలో తేడా ఎందుకు వస్తుంది?
2. గ్విన్నెట్ సంతకానికి ఫ్రాంక్లిన్ సంతకం కన్నా ఎక్కువ ధర పలకడానికి కారణమేమి?
3. లేఖ నుంచి సంతకాన్ని కత్తిరించడం వల్ల కలిగే నష్టాన్ని వివరించండి.