యుద్ధభూమిలో వైద్యసేవకుని విద్యుత్ సైకిలు

1859వ సంవత్సరం జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినో వద్ద ఘోరమైన యుద్ధం జరిగింది. అది ముగిసిన తర్వాత వేలాది క్షతగాత్రులు పట్టించుకునే దిక్కులేక పడి ఉన్న దృశ్యం హెన్రీ డ్యూనాంట్ అనే స్విట్జర్లాండు దేశీయుని కలచివేసింది. ఆయన కృషి ఫలితంగానే రెడ్‌క్రాస్ ఉద్యమం పుట్టిందనీ, 1864లో మొదటి జెనీవా ఒప్పందం కుదిరిందనీ మనం చరిత్ర పాఠాలలో చదువుకున్నాం. ఆ నాటి నుండి నేటి వరకు వైద్యశాస్త్రం ఎంతో పురోగమించింది. కాని గాయపడినవానికీ వైద్యునికీ నడుమ ఉండే దూరం మాత్రం అలాగే నిలిచి ఉంది. తొడలోని పెద్ద రక్తనాళం తెగినవాడు కొద్ది నిమిషాలలోనే ప్రాణం కోల్పోవచ్చు. ఆ రక్తాన్ని ఆపడానికి కావలసినది ఒక బిగింపు కట్టు, దానిని కట్టడం తెలిసిన ఒక మనిషి. ఆ మనిషిని సకాలంలో అక్కడికి చేర్చే వాహనం ఎట్టిదై ఉండాలన్నదే ఈ వ్యాసంలోని విషయం.

యుద్ధంలో సైకిలు కొత్తది కాదు. 1954లో వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూ పోరాటంలో సామాన్య ప్రజలు సైకిళ్ళ హేండిలుకూ సీటు కడ్డీకీ వెదురు బొంగులు కట్టి, ఎక్కి తొక్కకుండా పక్కన నడుస్తూ, ఒక్కొక్క దానిమీద రెండువందల కిలోలకు పైబడిన బరువును కొండదారులలో నెట్టుకొని వెళ్ళారు. రెండు సైకిళ్ళను పొడవాటి వెదుళ్ళతో జతచేసి, నడుమ డోలీ కట్టి క్షతగాత్రులను మోసే పద్ధతి కూడా వియత్నాంలో ఉండేది. మన పల్లెల్లో సైకిలు క్యారియరుకు రెండు వైపులా పాలక్యానులు కట్టుకొని వెళ్ళేవారిని చూచిన మనకు ఇది ఆశ్చర్యం కలిగించదు.

ఉక్రెయిన్‌లో 2022లో ఆరంభమైన యుద్ధంతో ఈ వాహనానికి విద్యుత్తు తోడైంది. ఎలీక్ అనే సంస్థ తన విద్యుత్ ద్విచక్రవాహనాలను సైనికులకు అందజేసింది. ఒకసారి చార్జి చేస్తే సుమారు 150 కిలోమీటర్లు పోగలదనీ, గంటకు 90 కిలోమీటర్ల వేగం అందుకోగలదనీ ఆ సంస్థ ప్రకటించింది. పెట్రోలు బండికున్న చప్పుడు దీనికి లేదు. ఇంజను వేడి లేనందున ఉష్ణాన్ని పసిగట్టే పరికరాలకు కూడా సులభంగా చిక్కదు. పెట్రోలు దొరకని చోట సూర్యరశ్మితోనైనా నడపవచ్చు. ఇవన్నీ వైద్యసేవకునికీ పనికివచ్చే గుణాలే. అయితే సైనికునికి తగిన బండి వైద్యసేవకునికి కూడా తగినదే అనుకోవడం పొరపాటు. సైనికునికి వేగం ప్రధానం. వైద్యసేవకుని బండికి వేగం కంటె ముఖ్యమైన లక్షణం మరొకటి ఉంది. అందులో ఒక భాగం చెడిపోయినా అది ఆయనను దారిలో వదిలివేయరాదు.

ముందుగా బరువు సంగతి చూద్దాం. మన దేశంలో రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థ రూపొందించిన 'రక్షిత' అనే మోటారుసైకిలు అంబులెన్సు 2021 జనవరి 18న కేంద్ర రిజర్వు పోలీసు దళానికి అందింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండికి వెనుక రోగి కూర్చునే ఆసనం అమర్చి, పెద్ద వాహనాలు పోలేని అడవి ప్రాంతాలకు ఉద్దేశించిన వాహనమిది. రోగిని మోయాలంటే అటువంటి బరువైన బండి, బలమైన ఇంజను అవసరమే. విద్యుత్ సైకిలును మాత్రం రోగిని మోసే పనికి పెట్టరాదని నా అభిప్రాయం. అది వైద్యసేవకునీ, ఆయన మందుల సంచినీ చేరిస్తే చాలు. బండి నలభై, నలభై అయిదు కిలోలకు మించకపోతే బ్యాటరీ అయిపోయినా తొక్కవచ్చు, నెట్టవచ్చు, కాలువ అడ్డమైతే ఇద్దరు కలిసి ఎత్తి దాటించవచ్చు.

ఇక మోటారు. చక్రం మధ్యలో ఇమిడే మోటారు ఒక రకం. తొక్కుడు ఇరుసు దగ్గర అమర్చి, చైను ద్వారా చక్రాన్ని తిప్పే మోటారు రెండవ రకం. రెండవదానికి సైకిలు గేర్లు తోడుగా ఉంటాయి కనుక అది నిటారు మిట్టలను చక్కగా ఎక్కుతుంది. పరీక్షలో మార్కులు వేయవలసివస్తే దానికే ఎక్కువ వేయాలి. కాని చైను తెగినదనుకోండి. మోటారు తిరిగినా చక్రం తిరగదు, కాలితో తొక్కినా తిరగదు. రెండు శక్తులూ ఒకే గొలుసును నమ్ముకొని ఉన్నాయి. పైగా మోటారు బలానికి ఆ చైను త్వరగా అరుగుతుంది కూడా. చక్రంలోని మోటారు అలా కాదు. చైను తెగితే మోటారు లాగుతుంది, మోటారు కాలిపోతే చైను లాగుతుంది. అందుచేత లోపల పళ్ళచక్రాలు లేని, నేరుగా తిరిగే చక్రపు మోటారునే నేను ఎంచుకుంటాను. దానికీ లోపాలు లేకపోలేదు. నిటారైన మిట్టమీద నెమ్మదిగా ఎక్కేటప్పుడు వేడెక్కుతుంది, వెనుక చక్రంలో ఉంటే పంక్చరు వేయడం చెమటలు పట్టించే పని. కాళ్ళతో తొక్కకుండానే నడపగల యాక్సిలరేటరు కూడా ఉండాలి. కాలికి దెబ్బ తగిలినవాడు వైద్యసేవకుడే కావచ్చు.

బ్యాటరీ విషయంలో ప్రకటనలను నమ్మక లెక్క వేసి చూడాలి. 48 వోల్టుల, 20 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 960 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. అయిదవ వంతు ఆపద్ధర్మంగా మిగుల్చుకుంటే వాడుకోదగినది 768. మనిషి 70 కిలోలు, బండి 45, మందుల సంచి, నీళ్ళు, పనిముట్లు కలిపి 25, మొత్తం 140 కిలోలు అనుకుందాం. వంద మీటర్ల ఎత్తు ఎక్కడానికి 140ని 9.8తో, వందతో గుణిస్తే 1,37,200 జౌళ్ళు, అనగా 38 వాట్ అవర్లు. మోటారు సామర్థ్యం నూటికి 75 అనుకుంటే బ్యాటరీ నుండి 51 పోతాయి. దారిలో ఎక్కవలసిన ఎత్తు మూడువందల మీటర్లయితే 153 పోగా మిగిలినవి 615. బురదదారిలో కిలోమీటరుకు 25 చొప్పున ఖర్చయితే వచ్చేది సుమారు 24 కిలోమీటర్లు. తిరిగి రావాలి కనుక పోదగిన దూరం 12 కిలోమీటర్లే! చదునైన తారురోడ్డుమీద, గాలి లేనిరోజున, బరువు లేకుండా కొలిచిన దూరానికీ దీనికీ ఎంత వ్యత్యాసమో చూడండి.

బ్యాటరీలలో లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం, నికెలు, మాంగనీసు, కోబాల్టులు కలిసిన రకం కంటె బరువు ఎక్కువ. అయినప్పటికీ గుండుముక్క తగిలినా, నలిగినా మండిపోయే ప్రమాదం దానికి తక్కువ. యుద్ధరంగంలో ఆ మూడు నాలుగు కిలోల బరువు మోయదగినదే. దానిని వెనుక క్యారియరుమీద, స్పిరిటు సీసాల పక్కన పెట్టడం తగదు. చట్రం నడుమనున్న త్రికోణంలో, క్షణంలో ఊడదీయగలిగేటట్లు అమర్చాలి. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీని చార్జి చేస్తే లోపల శాశ్వతమైన నష్టం కలుగుతుంది. కనుక ఉక్రెయిన్ వంటి దేశపు శీతకాలంలో రాత్రివేళ దానిని ఇంటిలోనికి తెచ్చుకోవాలి. 200 వాట్ల సౌరఫలకం ఒకటుంటే మంచి ఎండ కాసిన రోజున పైన చెప్పిన ఖర్చును ఇంచుమించు పూడ్చగలదు.

సాధారణ సైకిలును మార్చే పని చూచినంత సులభం కాదు. మేము విద్యార్థులతో కలిసి ప్రయోగశాలలో ఒక పాత సైకిలు ముందుచక్రానికి మోటారు బిగించాము. యాక్సిలరేటరు తిప్పగానే చక్రానికి బదులు ఇరుసే ఫోర్కు గాడిలో గిర్రున తిరిగి, తీగలను మెలిపెట్టి తెంచివేసింది. న్యూటన్ మూడవ నియమాన్ని ఎన్నో ఏళ్ళుగా బోధిస్తున్న నేను, మోటారు చక్రాన్ని ఎంత బలంతో తిప్పుతుందో అంతే బలంతో ఇరుసు వెనక్కు తిరుగుతుందని ఆ క్షణంలో మరచిపోయాను. ఊరిలోని సైకిలు మెకానిక్కు మా అవస్థ చూచి, పాత పదినంబరు పానాను సగానికి కోసి, దాని నోటిని ఇరుసుకున్న చదునైన అంచులకు తగిలించి, తోకను ఫోర్కుకు క్లాంపుతో బిగించాడు. మళ్ళీ ఇరుసు కదలలేదు. నా సిగ్గు సంగతి అటుంచితే, యుద్ధ ప్రాంతంలో కూడా బాగుచేసేది ఇటువంటివాడే. కనుక ఊరి దుకాణంలో దొరికే ట్యూబు, బ్రేకుకట్టెలు, చైను, బేరింగులు సరిపోయే బండినే ఎంచుకోవాలి. చట్రం ఉక్కుదైతే విరిగినా ఏ వెల్డింగు షెడ్డులోనైనా అతుకు పడుతుంది, అల్యూమినియం అయితే ఆ పని తెలిసినవాడు దొరకాలి. మోటారున్న చక్రానికి లావుపాటి స్పోకులు వేయించాలి.

చివరిగా చిహ్నం గురించి. 1870లలో రష్యాతో జరిగిన యుద్ధంలో తుర్కులు ఎర్ర శిలువకు మారుగా ఎర్ర నెలవంకను ధరించారు. 1929 ఒప్పందం దానిని గుర్తించింది. 1912లో బాల్కన్ యుద్ధ బాధితుల సేవకు మన దేశం నుండి డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ తీసుకొని వెళ్ళిన వైద్యబృందాన్ని మన ఉర్దూ విభాగపు మిత్రులు ఎరుగుదురు. ఈ చిహ్నాలు ఇష్టం వచ్చినట్లు వేసుకొనేవి కావు. అధికారుల అనుమతి ఉండాలి. శత్రువుకు హాని చేసే పనికి వాడిన వైద్యవాహనం తన రక్షణను కోల్పోతుంది. ఉక్రెయిన్‌లో ఇటువంటి విద్యుత్ సైకిళ్ళే ట్యాంకులను ధ్వంసం చేసే క్షిపణులను కూడా మోశాయి. దూరం నుండి చూచేవానికి రెండూ ఒకేలా కనబడతాయి. కనుక ఉదయం మందులు, సాయంత్రం మందుగుండు మోసే బండి అక్కడి వైద్యసేవకులందరికీ ముప్పు తెస్తుంది. వైద్యానికి కేటాయించిన బండిని వైద్యానికే ఉంచాలి.

చప్పుడు లేకపోవడంలోనూ ఒక అపాయం ఉంది. రాత్రివేళ కాపలా చౌకీ వద్దకు హఠాత్తుగా, నిశ్శబ్దంగా వచ్చిపడిన బండిని చూచి కాపలావాడు ముందు తుపాకి ఎత్తుతాడు, తరువాత ప్రశ్న అడుగుతాడు. అందువల్ల చౌకీకి తగినంత దూరంలోనే మోటారు ఆపి, దిగి, దీపం వెలిగించి, గంట మ్రోగిస్తూ బండిని నడిపించుకొని వెళ్ళడం క్షేమకరం. వేల రూపాయల మోటారు అమర్చిన తర్వాత కూడా పాత సైకిలు గంటను ఊడదీయకండి.