సౌదీ అరేబియా: ఏరు లేని పెద్ద దేశం

మన రాయలసీమ ముస్లిం వాడల్లో సౌదీ అరేబియా పేరు వినని ఇల్లు ఉండదు. ఒక ఇంట్లో హజ్‌కో ఉమ్రాకో వెళ్లొచ్చిన పెద్దలు ఉంటారు. పక్కింట్లో రియాద్‌లోనో దమ్మామ్‌లోనో డ్రైవరుగా, మేస్త్రీగా పనిచేసే కొడుకు ఉంటాడు. అయినా ఆ దేశం ఎలాంటి నేల, ఏం పండిస్తుంది, ఏ నీళ్లు తాగుతుంది అని అడిగితే "అంతా ఎడారి, కింద పెట్రోలు" అని ఒక్క మాటతో ముగించేస్తాం. బడిపిల్లలకూ, ప్రయాణానికి పాస్‌పోర్టు చేతపట్టుకున్న యువకులకూ పనికొస్తుందని ఈ పాఠం రాస్తున్నాం. బెళుగుప్ప వాళ్లం కనుక నీళ్ల వైపు నుంచే దాన్ని చూస్తాం.

సౌదీ విస్తీర్ణం సుమారు 21.5 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశంలో దాదాపు మూడింట రెండు వంతులు. 2022 జనగణన ప్రకారం జనాభా 3.22 కోట్లు. మన ఒక్క ఆంధ్రప్రదేశ్ జనాభాయే 2011లో అంతకన్నా ఎక్కువ. ఇంత నేలలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. ఉన్నవి వాదీలు. వేదవతి ఏటిని ఎండాకాలంలో చూసిన వాళ్లకు వాదీ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

పటం ముందు పెట్టుకోండి. పడమట ఎర్ర సముద్రం పొడవునా హిజాజ్, అసీర్ పర్వతాలు గోడలా నిలబడి ఉంటాయి. అక్కడి నుంచి నేల తూర్పుకు మెల్లగా వాలుతూ నజ్ద్ పీఠభూమిగా సాగి, చివరకు గల్ఫ్ తీరానికి దిగుతుంది. మన దక్కను కూడా ఇలాగే పడమటి కనుమల నుంచి బంగాళాఖాతం వైపు వాలి ఉంటుంది. పోలిక ఇంకా ఉంది. సౌదీ పడమటి భాగం మన అనంతపురం లాగే అతి పాత గట్టి రాతి నేల. మక్కా, మదీనాల మధ్య ప్రాంతంలో మహ్ద్ అజ్ జహబ్ అనే ప్రాచీన బంగారు గని ఉంది. పాత అనంతపురం జిల్లాలోని రామగిరిలోనూ మొన్నమొన్నటి దాకా బంగారం తవ్వారు.

తూర్పు భాగం వేరు. అక్కడ ఇసుకరాయి, సున్నపురాయి పొరలు పొరలుగా పరుచుకుని ఉన్నాయి. పొర రాయి స్పాంజి లాంటిది, తనలో ద్రవాన్ని దాచుకోగలదు. చమురూ, పాతకాలపు భూగర్భజలమూ పడమటి గట్టి రాతిలో కాకుండా మధ్య, తూర్పు భాగాల్లో దొరకడానికి కారణం ఇదే. దక్షిణాన రుబ్ అల్ ఖాలీ ఇసుక సముద్రం, ఉత్తరాన నఫూద్, ఆ రెంటినీ కలుపుతూ దహ్నా ఇసుక పట్టీ ఉన్నాయి. పిల్లలు ఈ పేర్లు పటంలో గుర్తించడం నేర్చుకుంటే చాలు.

వాన సంగతి. అనంతపురంలో ఏడాదికి 500 మిల్లీమీటర్ల పైచిలుకు కురుస్తుంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య మేఘాలకు మనం దూరమైపోతాం. అందుకే దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. రియాద్‌లో 100 మిల్లీమీటర్లు కురిస్తే బాగా కురిసినట్టే. కర్కాటక రేఖ ఆ నగరానికి కొద్ది దిగువ నుంచే పోతుంది. ఆ రేఖ అటూ ఇటూ గాలి పై నుంచి కిందికి దిగుతూ ఉంటుంది గనుక మేఘం కట్టడమే కష్టం. ఒక్క అసీర్ కొండల్లో మాత్రం వాన కాస్త మెరుగు, అక్కడ మెట్లు కట్టి సేద్యం చేస్తారు.

చమురు కథ చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాం. 1933లో అమెరికా కంపెనీతో ఒప్పందం కుదిరింది. దమ్మామ్ దగ్గర తవ్విన బావులు వరుసగా నిరాశపరిచాయి. 1938లో ఏడో నంబరు బావి 4,700 అడుగులు దాటాక ఎగదన్నింది. ఏడో బోరు దాకా ఆగలేక అప్పులపాలైన రైతులున్న మన ప్రాంతంలో ఈ కథ చెప్పడానికి కాస్త భయమే! 1948లో ఘవార్ క్షేత్రం బయటపడింది. సుమారు 280 కిలోమీటర్ల పొడవైన ఈ క్షేత్రం ప్రపంచంలోనే పెద్దది. 1980 నాటికి అరాంకో పూర్తిగా సౌదీ ప్రభుత్వపరమైంది.

గోధుమల కథ

ఈ పాఠంలో మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇదే. 1970ల్లో చమురు ధర పెరిగి సొమ్ము కుప్పలుగా వచ్చింది. తిండి కోసం ఇతర దేశాల మీద ఆధారపడకూడదని ప్రభుత్వం అనుకుంది. ఆలోచన తప్పు కాదు. ప్రపంచ మార్కెట్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధర పెట్టి సొంత రైతుల దగ్గర గోధుమలు కొన్నది. లోతైన బావులు తవ్వి, పొడవాటి ఇనుప గొట్టాన్ని చక్రాల మీద గుండ్రంగా తిప్పుతూ నీళ్లు చల్లే యంత్రాలు పెట్టారు. విమానం నుంచి చూస్తే ఎడారిలో పచ్చటి నాణేలు పరిచినట్టు కనిపించేవి. 1992 నాటికి పంట ఏటా దాదాపు 40 లక్షల టన్నులకు చేరింది. ఏరు లేని దేశం గోధుమలు ఎగుమతి చేసే పెద్ద దేశాల సరసన చేరింది.

కిలో గోధుమకు వెయ్యి లీటర్ల పైనే నీళ్లు కావాలి. ఆ నీళ్లు నిన్నమొన్నటి వానవి కావు. వేల ఏళ్ల కిందట అరేబియాలో వానలు బాగా కురిసిన కాలంలో ఇసుకరాయి పొరల్లోకి ఇంకినవి. వాటిని తోడితే తోడినట్టే, మళ్లీ నింపేంత వాన లేదు. నీటిమట్టాలు పడిపోయాయి. తూర్పున అల్ అహ్సాలో 25 లక్షల ఖర్జూరపు చెట్లను తడిపిన ఊటలు తమంతట తాము పొంగడం మానేశాయి, ఇప్పుడక్కడ మోటార్లు, శుద్ధి చేసిన మురుగునీరు ఆధారం. మన కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు తలపరిగెలు, పెన్న ఊటకాలువలు ఎండిపోయిన తీరు ఎరిగిన పెద్దలకు ఇది అర్థమవుతుంది.

చివరికి 2008లో ప్రభుత్వం ఏటా 12.5 శాతం చొప్పున గోధుమ కొనుగోలు తగ్గించుకుంటూ పోవాలని నిర్ణయించి, 2016లో పూర్తిగా ఆపింది. తర్వాత పరిమితంగా మళ్లీ అనుమతించినా ఆ పాత జోరు లేదు. పశువుల మేతకైతే బయటి నేల వెతుక్కున్నారు. 2014లో అల్‌మరాయి అనే పాల కంపెనీ అమెరికాలోని అరిజోనాలో దాదాపు 10 వేల ఎకరాలు కొని, అక్కడ మేత పండించి ఓడల్లో తెప్పించుకుంది. అరిజోనా కూడా ఎండిన నేలే!

ఇక మన నేల. మన కింద ఉన్నది గట్టి రాయి. పైన మెత్తబడిన పొరలోనూ, రాతి చీలికల్లోనూ మాత్రమే నీళ్లు నిలుస్తాయి. లోతుకు పోయేకొద్దీ సాధారణంగా చీలికలు తగ్గుతాయి. అందుకే 300 అడుగుల్లో పడని నీళ్లు 800 అడుగుల్లో పడతాయన్న ఆశ ఎక్కువసార్లు దుమ్ముగానే తేలుతుంది. అయితే మనకొక మేలు ఉంది. మన నిల్వ చిన్నదైనా, మంచి వాన పడి చెరువు నిండిన ఏడాది మళ్లీ నిండుతుంది. సౌదీ నీళ్లు తాతలు దాచిన పెట్టె లాంటివి. మనవి ఏటికేడు చేతికొచ్చే కూలి లాంటివి.

గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఎండలో నిలబడి పంపిన డబ్బు ఇక్కడ ఒక్క రాత్రి బోరు బండి కింద అయిపోవడం మన పల్లెల్లో కొత్త కాదు. ఉన్న బోరుకే నీళ్లు చాలనప్పుడు పక్కనే ఇంకొకటి వేస్తే రెండూ ఒకే చీలికను పీలుస్తాయి. ఆ డబ్బు మొదట చేలో నీటికుంటకు, డ్రిప్పుకు, పాత చెరువు పూడికకు పోవాలని మా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని రైతు సోదరులు ఉన్నారని తెలుసు. శనక్కాయ ఎండిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఎవరికైనా కష్టమే.

తాగే నీళ్లు

సౌదీ పట్టణాలు ఎక్కువగా ఉప్పునీటిని మంచినీరుగా మార్చి తాగుతాయి. రియాద్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. గల్ఫ్ ఒడ్డున శుద్ధి చేసిన నీరు 400 కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ఎక్కి అక్కడికి చేరుతుంది. ఇందుకు చమురు, గ్యాసు మండించాలి. మన మండలంలోని జీడిపల్లి జలాశయానికి కృష్ణ నీళ్లు వచ్చేదీ ఎత్తిపోతలతోనే. మాల్యాల దగ్గర తోడి, హంద్రీ-నీవా కాలువలో 216 కిలోమీటర్లు మెట్టుమెట్టుగా ఎత్తుకుంటూ 2012లో ఇక్కడికి తెచ్చారు. రెండు చోట్లా కరెంటు ఆగితే నీళ్లు ఆగుతాయి.

యంత్రాలు లేని కాలంలోనూ ఆ నేల మీద నీళ్లకోసం గొప్ప పనులు జరిగాయి. ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా సుమారు 1,200 ఏళ్ల కిందట నూమాన్ లోయ నుంచి అరఫాత్ మీదుగా హాజీలకోసం కాలువ కట్టించారు. ఇక హజ్రత్ హాజిరా (అ) పరుగుతో మన మనసుల్లో నిలిచిన జమ్‌జమ్ బావి లోతు 30 మీటర్ల చిల్లర. ఇబ్రాహీమ్ వాదీలో కురిసిన వాన ఇసుకలోకి, రాతి చీలికల్లోకి ఇంకి దాన్ని చేరుతుందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. అక్కడి భూగర్భ సర్వే సంస్థలో జమ్‌జమ్ కోసమే ఒక పరిశోధన కేంద్రం ఉంది. బావి నీటిమట్టాన్ని కొలుస్తూ, ఆ లోయలో నీరు ఇంకే దారులు మూసుకుపోకుండా చూడటం దాని పని. అంత బరకత్ ఉన్న బావికే కొలత పెట్టారు.

వెళ్లేవారికి

2022 లెక్కలో ఆ దేశ జనాభాలో 41.6 శాతం విదేశీయులు. చమురు మీదే ఆధారపడకూడదని 2016లో విజన్ 2030 ప్రకటించారు. దాంతోపాటు సొంత యువతకు ఉద్యోగాలు కేటాయించడం పెరిగింది. 2016లోనే మొబైల్ దుకాణాల పనులు పూర్తిగా సౌదీలకే అన్నారు. 2017 నుంచి కుటుంబాన్ని వెంట ఉంచుకుంటే తలకింత అని నెలనెలా రుసుము కట్టాలి. కౌంటర్ దగ్గర కూర్చునే పని కోసం కాకుండా వెల్డింగ్, ఎలక్ట్రికల్, ఏసీ మెకానిక్ వంటి చేతిపని నేర్చుకుని వెళ్లడం మేలు. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టుకు ప్రభుత్వ వలస అనుమతి తప్పనిసరి. రిజిస్టరైన ఏజెంటు ద్వారానే వెళ్లండి, విజిట్ వీసా మీద పనికి పోవద్దు.

ఏ ఊరికి పోతున్నారో పటంలో చూసుకోండి. దమ్మామ్, జుబైల్ తూర్పు తీరం, చమురు, రసాయన ఫ్యాక్టరీల పని, ఎండతో పాటు ఉక్కపోత. జెద్దా పడమటి తీరం, ఓడరేవు, హాజీల సేవ. అబ్హా కొండ మీద ఉంది, చల్లన. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించరాదని అక్కడి చట్టం, ఆ సంగతి గుర్తుంచుకోండి. రియాద్ ఎండ పొడిగా ఉంటుంది, చలికాలం రాత్రులు మాత్రం మన పిల్లలు అనుకున్నదానికన్నా చల్లగా ఉంటాయి. జనవరిలో అక్కడ దిగేవాడి పెట్టెలో ఒక స్వెటర్ పెట్టి పంపండి.