మోటర్‌హోమ్ నిలిపే నేల: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: 30 అడుగుల క్లాస్ సి మోటర్‌హోమ్ కొన్నాం. ఇంటి పక్క ఖాళీలో పెట్టాలి. కాంక్రీటా, కంకరా, తారా? ఏడాదిలో ఎక్కువ రోజులు కదలని బండికి ఖర్చెందుకు, గడ్డి మీదే ఉంచుదాం అంటున్నారు మావారు.
- ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ముందు మీవారి మాట. కదలని బండికే గడ్డి ఎక్కువ చెరుపు చేస్తుందమ్మా. కిందినుంచి లేచే తేమ నెలల తరబడి ఛాసిస్‌కు పట్టి తుప్పు మొదలవుతుంది. గడ్డిలోంచి ఎలుకలు ఎక్కి వైర్లు కొరుకుతాయి. గట్టి వాన పడ్డాక బయటికి తీయబోతే చక్రాలు దిగబడతాయి. కాబట్టి గడ్డి వద్దు.

ఇక మీ ప్రశ్న. ఈ సంగతి మీద ఎవరు రాసినా పైపొర గురించే అడుగుతారు, కింద మట్టి ఎలాంటిదో ఒక్కరూ రాయరు. నాకు బాధ కలిగించేది అదే. మీ ఊరు ఉన్నది నల్లరేగడిలో. డాలస్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా సాగే ఆ నల్లమట్టి పట్టీ పత్తికి పేరుపడిన నేల. దాని గుణం కర్నూలు, గుంటూరు రైతును అడిగినా చెబుతాడు: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దానిమీద నేరుగా కాంక్రీటు పోస్తే నేలతోపాటే లేచి, దిగి, విరుగుతుంది. కారు 4,000 పౌన్లుంటే, నిండా సర్దిన మీ బండి 14,000 దాకా తూగుతుంది. కారుకు పోసే 4 అంగుళాల మందం దీనికి చాలదు.

నన్నడిగితే మీకు కంకరే మేలు. నేల కదిలినా కంకర పగలదు, గుంట పడినచోట మళ్లీ సర్దుకోవచ్చు. అయితే లారీతో తెచ్చి గుమ్మరిస్తే కుదరదు. పైమట్టి తవ్వి తీయించండి. జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిపించండి, లేకపోతే రాయి మెల్లగా మట్టిలోకి దిగిపోతుంది. దానిమీద క్రషర్ కంకర డస్టుతో కలిపి, పొరపొరగా రోలర్ తిప్పిస్తూ, కనీసం 6 అంగుళాలు వేయించండి. గుండ్రటి ఏటి గులకరాళ్లు మాత్రం వద్దు, అవి ఎంత తొక్కించినా ఒకదాన్నొకటి పట్టుకోవు. జాకీల కింద చెక్కలు పెట్టండి.

కాంక్రీటే కావాలంటే ఈ కంకర పునాది మీదే 6 అంగుళాల మందం, లోపల ఇనుప చువ్వలు, జాయింట్లు ఉండాలి. పోసిన 28 రోజుల దాకా బండి ఎక్కించొద్దు. తారు మాత్రం మీ ఎండలకు మెత్తబడి, జాకీలు దిగిన చోటల్లా గుంటలు మిగులుస్తుంది.

ఏది వేసినా వాలు ఇంటి గోడకు అవతలివైపు ఉండాలి, అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు చాలు. పైకప్పు నీళ్లు దిగే గొట్టం, గడ్డికి పెట్టిన స్ప్రింక్లర్ అటు తిరిగి ఉంటే ముందు వాటిని మళ్లించండి. నల్లరేగడిలో ఒకవైపే తడవడం అన్నిటికన్నా చేటు.

ప్రశ్న: బండి కింద గడ్డి మీద టార్పాలిన్ పరిస్తే తేమ ఆగదా?

జవాబు: పైన పడ్డ నీరు దాని మడతల్లో నిలిచి బండి కిందే ఆవిరవుతుంది, పరవకండి.

ప్రశ్న: టెంపో ట్రావెలర్‌ను కారవాన్‌గా మార్పించుకున్నాం. వాకిట్లో పార్కింగ్ టైల్స్ పగులుతున్నాయి. ఇంకా మందం టైల్స్ వేయించాలా?
- హైదరాబాద్ పాఠకుడు

జవాబు: పగిలిన టైల్ పక్కదాన్ని తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే కింద బోలుందన్నమాట, మందం పెంచినా అదే గతి. టైల్స్ తీయించి, మట్టిని తడిపి దిమ్మిస కొట్టించి, కంకర, ఇసుక వేసి 80 మి.మీ. పేవర్ బ్లాకులు పరిపించండి. 60 మి.మీ.వి కార్లకు సరిపోతాయి. అంచుల్లో కర్బ్ రాళ్లు లేకపోతే బ్లాకులు పక్కకు జరుగుతాయి. మీరు అడగని ముఖ్యమైన మాట: నీళ్ల సంపు ఆ వాకిట్లోనే ఉందా? ఉంటే ఈరోజే బండి పక్కకు తీయండి. ఇళ్లలో సంపు స్లాబును ఇంత బరువు లెక్కలో పోయరు.

ప్రశ్న: కాంట్రాక్టర్ వచ్చేవారం వస్తానంటున్నాడు. కాలనీ సంఘం అనుమతి తర్వాత తీసుకోవచ్చా?
- డాలస్ నుంచి మరొకరు

జవాబు: వద్దు. మోటర్‌హోమ్ వీధిలోకి కనబడకూడదని రాసుకున్న సంఘాలు మీ వైపు చాలా ఉన్నాయి. రాతపూర్వక అనుమతి చేతికి వచ్చాకే అతనికి అడ్వాన్సు ఇవ్వండి.